గుండె దగ్గర తొందర, క్యాన్సర్ దగ్గర నిదానం

(వైద్య విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, ఊరివాళ్లు కలిసి కూర్చున్న సభలో ఒక జనరల్ మెడిసిన్ వైద్యుడు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా రాశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో ఎంబీబీఎస్ పిల్లలున్నారు, వెనక వాళ్ల అమ్మానాన్నలున్నారు. వీళ్లకు నచ్చేట్టు మాట్లాడితే వాళ్లకు నిద్రొస్తుంది, వాళ్లకు నచ్చేట్టు మాట్లాడితే వీళ్లు ఫోన్లు తీస్తారు. మైకు ఇచ్చారు కాబట్టి ఇద్దరూ కాసేపు ఓర్చుకోవాలి.

డాక్టరు జబ్బు ఎలా కనిపెడతాడు, కనిపెట్టాక ఏం చెయ్యాలో ఎలా తేల్చుకుంటాడు అన్నది ఇవాళ్టి విషయం. అన్ని జబ్బుల గురించీ చెప్పను. మనవాళ్లు పేరు చెబితేనే భయపడేవి రెండున్నాయి కదా, గుండెపోటు, క్యాన్సరు. ఆ రెండే తీసుకుంటాను. ఎందుకంటే ఈ రెండింటి దగ్గరా ఆలోచన ఒకే దారిలో నడవకూడదు. గుండెపోటని అనుమానం వస్తే రుజువు పూర్తిగా చేతికి రాకముందే కదలాలి. క్యాన్సరని అనుమానం వస్తే రుజువు చేతికొచ్చేదాకా మందు పెట్టకూడదు. మన ఇళ్లలో జరిగేది దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. ఛాతీ నొప్పికి తెల్లారేదాకా చూద్దామంటాం. గడ్డ అనగానే రేపే ఆపరేషన్ చేసెయ్యండంటాం.

ముందు గుండె. రాత్రి పదకొండయింది. యాభై అయిదేళ్ల మనిషి, షుగరుంది. భోంచేసి పడుకున్నాడు, ఛాతీలో పట్టేసినట్టయింది. ఇంట్లోవాళ్లు ఏమంటారు? గ్యాసు. మధ్యాహ్నం తిన్న పప్పు మీదికో, పెళ్లిలో తిన్న బిర్యానీ మీదికో నేరం నెట్టేస్తారు. ఈనో కలిపి ఇస్తారు. రెండు త్రేన్పులొస్తాయి, నొప్పి తగ్గుతుంది. "చూశావా, గ్యాసే" అని అందరూ పడుకుంటారు.

ఇక్కడ పిల్లలు ఆగి చూడాల్సింది ఒకటుంది. ఈనో తాగాక నొప్పి తగ్గింది కాబట్టి అది గుండె నొప్పి కాదు అన్నారు. ఈ వాదన నిలవదు. గుండె నొప్పి చాలాసార్లు కొద్ది నిమిషాల్లో దానంతటదే తగ్గుతుంది. ఆ కొద్ది నిమిషాల్లో ఈనో తాగినా తగ్గుతుంది, మజ్జిగ తాగినా తగ్గుతుంది, తమలపాకు నమిలినా తగ్గుతుంది. ఎమర్జెన్సీ గదుల్లో దీన్ని లెక్కగట్టి చూశారు. యాసిడ్ మందుకు తగ్గిందా లేదా అన్నదాన్ని బట్టి గుండెనీ పొట్టనీ విడదీయలేం. గుండె నొప్పికి నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ మాత్రదీ అదే కథ. దానికి తగ్గింది కాబట్టి గుండేనని కూడా చెప్పలేం, అన్నవాహిక బిగుసుకున్నప్పుడు వచ్చే నొప్పి కూడా ఆ మాత్రకు తగ్గుతుంది. మందుకు ఒళ్లు ఎలా స్పందించిందన్నది కూడా ఒక పరీక్షే. దాన్ని చదవడం రావాలి. ఈ మాట మళ్లీ క్యాన్సర్ దగ్గర వస్తుంది, గుర్తుంచుకోండి.

మరి దేన్ని నమ్మాలి? రోగి చెప్పే మాటని. విలియం హెబర్డన్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1772లో అచ్చువేసిన వ్యాసంలో గుండె నొప్పిని వర్ణించాడు. నడుస్తుంటే, ముఖ్యంగా ఎత్తు ఎక్కుతుంటే, భోజనం అయ్యాక నడుస్తుంటే ఛాతీలో వస్తుంది, ఆగి నిలబడితే పోతుంది అన్నాడు. అప్పటికి ఈసీజీ లేదు, యాంజియో లేదు. ఇవాళ్టికీ మేం అడిగేది అదే. మెట్లెక్కితే వస్తుందా? నిలబడితే పోతుందా? ఎక్కడ? ఈ "ఎక్కడ" అన్నప్పుడు రోగి నోటిని కాదు, చేతిని చూడండి. పిడికిలి బిగించి ఛాతీ మధ్యలో పెడితే చెవులు రిక్కించాలి. ఒక్క వేలితో "ఇదిగో ఇక్కడ" అని చూపించి, నొక్కితే అమ్మో అంటే, ఊపిరి పీలిస్తే పొడిచినట్టుంటే, గుండె అయ్యే అవకాశం బాగా తగ్గుతుంది. సున్నా కాదు, తగ్గుతుంది. నొప్పి రెండు చేతుల్లోకీ పాకితే, చెమటలు పడితే, వాంతి అయితే అవకాశం పెరుగుతుంది. షుగరున్నవాళ్లకీ ఆడవాళ్లకీ ముసలివాళ్లకీ నొప్పే రాకపోవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, నీరసం, చెమట, అంతే. అప్పుడు మనవాళ్లు బీపీ డౌనయిందంటారు.

ఆస్పత్రికి వచ్చాడు, ఈసీజీ తీశారు, నార్మల్. ఇంటికి పంపేద్దామా? మొదటి ఈసీజీ నార్మల్‌గా ఉన్న గుండెపోట్లు ఉన్నాయి. అందుకే నొప్పి ఉన్నంతసేపు పావుగంటకో అరగంటకో మళ్లీ తీయాలి. ట్రోపోనిన్ చేశారు, గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే పదార్థం అది, నార్మల్. నొప్పి మొదలై ఎంతసేపయింది? గంట. గంటకు రక్తంలోకి అది చాలినంత వచ్చి ఉండకపోవచ్చు, మళ్లీ చెయ్యాలి. ట్రోపోనిన్ పెరిగిందనుకోండి, అదీ తీర్పు కాదు. కిడ్నీ జబ్బులో పెరుగుతుంది, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అడ్డుపడితే పెరుగుతుంది, ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకినా పెరుగుతుంది.

ఈసీజీలో గుండెపోటు కనిపిస్తే మాత్రం ఇక వెయిటింగ్ లేదు. ఇటలీలో 1986లో జిస్సీ అనే అధ్యయనం వెలువడింది. 11,806 మంది రోగులు. నాళంలో కట్టిన రక్తపు గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ ఇచ్చినవాళ్లలో చావులు మొత్తం మీద 13 శాతం నుంచి 10.7కి తగ్గాయి. నొప్పి మొదలైన మొదటి గంటలోనే మందు అందినవాళ్లలో దాదాపు సగానికి తగ్గాయి. మందు అదే, జబ్బు అదే. తేడా తెచ్చింది ఆ గంట. ఈనో మింగేసేది ఆ గంటనే.

తొందర అంటే గుడ్డిగా పరిగెత్తడం అని పిల్లలు అనుకోకండి. ఛాతీలో చీల్చినట్టు మొదలై వీపులోకి దిగిన నొప్పి, రెండు చేతుల బీపీకీ పొంతన లేదు. అది గుండెపోటు కాకపోవచ్చు, గుండె నుంచి బయల్దేరే పెద్ద నాళం, బృహద్ధమని, దాని గోడ చీలుతుండవచ్చు. వాడికి గడ్డ కరిగించే మందు ఎక్కిస్తే చంపినట్టే. రెండు చేతులకీ బీపీ చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు ఎప్పుడూ ఉంటాయి.

ఇప్పుడు ఇంకో రకం మనిషి. ముప్పై రెండేళ్ల అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అప్పుడప్పుడు ఛాతీలో సూదులు గుచ్చినట్టుంటుంది, నడకకీ దానికీ సంబంధం లేదు. ఆఫీసువాళ్లు ఇచ్చిన మాస్టర్ హెల్త్ చెకప్ కూపన్‌లో టీఎంటీ ఉంది, ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించేది. చేయించుకుంది. పాజిటివ్ వచ్చింది. ఇంట్లో ఏడుపులు.

కాస్త లెక్క చేద్దాం, చిన్నదే. టీఎంటీ మీద వచ్చిన 147 అధ్యయనాలను 1989లో ఒకచోట కలిపి చూశారు. రక్తనాళాల జబ్బు ఉన్న వందమందిలో సుమారు 68 మందికి పాజిటివ్ చూపిస్తుంది, లేని వందమందిలో 77 మందికి నెగెటివ్ చూపిస్తుంది. ఈ అమ్మాయిలాంటివాళ్లు వెయ్యిమంది ఉన్నారనుకోండి. ఆ వయసుకి, ఆ రకం నొప్పికి, నిజంగా జబ్బున్నవాళ్లు మహా అయితే ఇరవై మంది అనుకుందాం. ఆ ఇరవైలో 14 మందికి పాజిటివ్ వస్తుంది. జబ్బులేని 980 మందిలో కూడా 225 మందికి పాజిటివ్ వస్తుంది. మొత్తం 239 పాజిటివ్‌లు, నిజమైనవి 14. అంటే పాజిటివ్ కాగితం పట్టుకుని ఏడుస్తున్న వందమంది అమ్మాయిల్లో 94 మందికి ఏ జబ్బూ లేదు.

అదే యంత్రం మీదికి అరవై రెండేళ్ల పెద్దాయన్ని ఎక్కిద్దాం. చుట్ట తాగుతాడు, షుగరుంది, పొలం గట్టెక్కితే ఛాతీ పట్టేస్తుంది, కూర్చుంటే పోతుంది. ఇలాంటివాళ్లు వెయ్యిమందిలో 900 మందికి జబ్బు ఉంటుందనుకోండి. టీఎంటీ వాళ్లలో 288 మందికి నెగెటివ్ అంటుంది. జబ్బులేని వందమందిలో 77 మందికి నెగెటివ్. నెగెటివ్ వచ్చిన 365 మందిలో 288 మంది రోగులే. నార్మల్ అని కొబ్బరికాయ కొట్టిన వందమందిలో దాదాపు 79 మందికి జబ్బుంది!

యంత్రం మారలేదు. మారింది దాని మీదికి ఎక్కినవాళ్లు. పరీక్ష మనకు అప్పటికే ఉన్న అనుమానాన్ని కొంచెం పెంచుతుంది, కొంచెం తగ్గిస్తుంది, దాని శక్తి అంతే. ముందు అనుమానం ఎంతో తెలియకుండా పరీక్ష రాసినవాడికి ఫలితం వచ్చాక ఏం చెయ్యాలో తెలియదు. అందుకని ఇంకో పరీక్ష రాస్తాడు. ఈ లెక్కకు మూలం థామస్ బేయిస్ అనే ఇంగ్లీషు మతబోధకుడు, ఆయన పోయాక 1763లో అచ్చయింది. వైద్యంలోకి రావడానికి రెండొందల ఏళ్లు పట్టింది, మన చెకప్ ప్యాకేజీలు అమ్మేవాళ్ల దాకా ఇంకా రాలేదు.

చికిత్స దగ్గర కూడా ఇంతే. "ఎనభై శాతం బ్లాకుంది, ఎప్పుడు పేలుతుందో తెలియదు" అని చెబితే స్టెంటు వద్దనే మగాడు ఎవడండీ? కానీ గుండెపోటు తెచ్చే పూడిక అన్నిసార్లూ పెద్దది కాదు. మొటిమ చిదిమినట్టు చిన్న పూడికే పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి, దారి మూసుకుపోతుంది. పెద్ద పూడిక ఒకచోట స్టెంటు వేస్తే మిగతా చిన్నవన్నీ అలాగే ఉంటాయి. అందుకే నిలకడగా ఉన్న గుండె నొప్పిలో, గుండెపోటు వచ్చినప్పుడు కాదు సుమా, మందులకంటే స్టెంటు చావునీ గుండెపోటునీ తగ్గిస్తుందా అని 2287 మంది మీద చూశారు, 2007లో ఫలితం వచ్చింది, కరేజ్ అధ్యయనం. తగ్గించలేదు. 2020లో ఇస్కీమియా అధ్యయనం, 5179 మంది, అదే జవాబు. మందులు వాడినా తగ్గని నొప్పికి స్టెంటు పనికొస్తుంది, ఎడమ ప్రధాన నాళంలో పూడిక ఉంటే లెక్క వేరు, గుండెపోటు నడుస్తుంటే అది ప్రాణం నిలబెడుతుంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "ఎంత శాతం" అన్నది కాదు. "డాక్టరుగారూ, ఇది నా ప్రాణం కోసమా, నా నొప్పి కోసమా?" అని అడగండి. మంచి డాక్టరైతే నొచ్చుకోడు.

కాగితం మీది అంకెకు వైద్యం చేస్తే ఏమవుతుందో ఒక్క ఉదాహరణ చెప్పి గుండె వదిలేస్తాను. గుండెపోటు తర్వాత ఈసీజీలో అదనపు కొట్టుకోళ్లు కనిపించే రోగులు ఎక్కువగా చనిపోతారని తెలుసు. వాటిని ఆపే మందులూ ఉన్నాయి. ఆపితే బతుకుతారని అందరూ అనుకున్నారు. కాస్ట్ అనే అధ్యయనం 1991లో పూర్తి లెక్క చెప్పింది. మందు వేసుకున్న 755 మందిలో 63 మంది పోయారు, మందు లేని ఉత్త మాత్ర వేసుకున్న 743 మందిలో 26 మంది. ఈసీజీ బాగుపడింది, మనిషి పోయాడు.

ఇక క్యాన్సరు.

మన దగ్గర క్యాన్సర్ గురించి మాట్లాడాలంటే టీబీ గురించి మాట్లాడాలి. రెండూ ఒకదాని వేషం ఇంకొకటి వేస్తాయి. దగ్గు, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చ. మన దేశంలో టీబీ ఎక్కువ, కాబట్టి ముందు టీబీ అనుకోవడం తప్పు కాదు. కళ్లె పరీక్షలో క్రిమి కనపడకపోయినా "ఎందుకైనా మంచిది" అని ఆర్నెల్ల కోర్సు మొదలుపెట్టి, రెండు నెలలకు మచ్చ తగ్గకపోతే "ఇంకో రెండు నెలలు చూద్దాం" అనడం, అదీ తప్పు. ఇందాక చెప్పానే, మందుకు ఒళ్లు స్పందించిన తీరు కూడా పరీక్షేనని. టీబీ మందుకు మచ్చ పెరుగుతుంటే ఒళ్లు జవాబు చెబుతోంది. మనం వినడం లేదు. పొగ తాగే అరవై ఏళ్ల మనిషికి ఇలా నెలలు జారిపోతాయి.

రెండోవైపు చూడండి. నలభై ఏళ్ల ఆవిడ, పొట్ట ఉబ్బింది, జ్వరం వచ్చిపోతోంది, బరువు తగ్గింది. స్కానింగ్‌లో పొట్టలో నీరు, అండాశయం పక్కన ఏదో గడ్డలా ఉందన్నారు. సీఏ-125 అనే రక్తపరీక్ష చేయిస్తే 35 లోపు ఉండాల్సింది వందల్లో ఉంది. ఆ రిపోర్టు వాట్సాప్‌లో కొడుకులకు వెళ్తుంది, వాళ్లు గూగుల్ చేస్తారు, అండాశయ క్యాన్సర్ మూడో దశ అని ఇంట్లోనే తేలిపోతుంది. రేపే ఆపరేషన్.

కానీ పొట్టలో టీబీ వచ్చినా కథ ఇదే. నీరు ఇదే, గడ్డ ఇలాగే, సీఏ-125 కూడా వందల్లోకి పోతుంది. క్యాన్సరనుకుని పొట్ట కోసి, తీరా చూస్తే పేగుల మీద బియ్యపు గింజల్లా టీబీ పొక్కులు కనపడిన సంఘటనలు మన దేశంలో వైద్య పత్రికల నిండా ఉన్నాయి. ఆ నీరు సిరంజితో తీసి, కణాలు చూసి, టీబీని పట్టిచ్చే ఏడీఏ పరీక్ష చేసి, పొట్టలో పొర నుంచి చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితే తేలేది. ఆవిడకు కావాల్సింది ఆర్నెల్ల మాత్రలు. అలాగని సీఏ-125 పనికిరానిదని కాదు. అండాశయ క్యాన్సర్ అని ముక్కలో తేలాక, మందు పనిచేస్తోందా లేదా చూసుకోవడానికి బాగా పనికొస్తుంది. చెకప్ ప్యాకేజీలో "క్యాన్సర్ మార్కర్లు" అని కట్టగట్టి అమ్మడమే దండగ.

ముక్క లేనిదే మందు లేదు. పిల్లలు ఇది రాసుకోండి. మెడ దగ్గర బిళ్లలు కట్టాయి, ఆయాసపడుతున్నాడు, ముందు కాస్త స్టెరాయిడ్ ఇద్దాం అని ఎవరో ఇస్తారు. అది లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్ అయితే బిళ్లలు కరిగిపోతాయి, రోగికి సంతోషం, డాక్టరుకు పేరు. తర్వాత బయాప్సీ చేస్తే అందులో తేల్చడానికి ఏమీ మిగలదు. కొన్ని వారాలకు జబ్బు మళ్లీ వస్తుంది, అప్పటికి కాలం పోయింది.

ఇవాళ ముక్క చెప్పేది క్యాన్సరా కాదా అన్న ఒక్క మాటే కాదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ తీసుకోండి. ఆసియాలో జరిగిన ఐపాస్ అనే అధ్యయనం 2009లో వచ్చింది. జెఫిటినిబ్ అనే మాత్రని కీమోతో పోల్చారు. ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉన్నవాళ్లకు మాత్ర కీమోకన్నా బాగా పనిచేసింది. ఆ మార్పు లేనివాళ్లకు కీమోకన్నా చాలా తక్కువగా పనిచేసింది. జబ్బు పేరు ఒక్కటే, మందు ఒక్కటే, ఒకరికి మేలు, ఒకరికి కీడు. ఆ జన్యు రిపోర్టుకు పది రోజులో రెండు వారాలో పడుతుంది. ఈలోగా బంధువులు "ఇంకా ఏమీ మొదలుపెట్టలేదా" అని ఫోన్లు చేస్తుంటారు. వాళ్లకు చెప్పండి, ఇది మొదలుపెట్టడమేనని. ఊపిరాడకపోవడం, వెన్నెముక నొక్కుకుపోయి కాళ్లు పడిపోవడం, కొన్ని రక్త క్యాన్సర్లు, ఇలాంటి చోట్ల గంటల్లో కదలాలి, అది వేరు.

రక్త క్యాన్సర్ అన్నాం కాబట్టి మన భీమవరం మనిషిని తలుచుకోకుండా పోలేను. ఎల్లాప్రగడ సుబ్బారావు, 1895లో పుట్టారు. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల పాథాలజిస్టు ఫోలిక్ ఆమ్లపు రకాలను లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి చూశాడు. రక్తహీనతకు మంచి చేస్తుంది కదా, దీనికీ చేస్తుందేమోనని. జబ్బు తగ్గకపోగా ముదిరినట్టు కనిపించింది. ఇంకొకడైతే ఆ ఫైలు మూసేసేవాడు. ఆయన దాన్ని తిరగేసి చదివాడు. ఇది పోస్తే మంట పెరిగిందంటే, దీన్ని ఆపితే? సుబ్బారావుగారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్ తయారుచేసి ఇచ్చింది. 1948 జూన్‌లో ఫార్బర్ వ్యాసం వచ్చింది. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది, కొంతకాలమే, మళ్లీ వచ్చింది. శీర్షికలోనే "తాత్కాలిక" అని పెట్టాడాయన. సుబ్బారావుగారు అదే ఏడాది ఆగస్టులో పోయారు. అమినోప్టెరిన్ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ అనే మందు ఇవాళ్టికీ పిల్లల లుకేమియా వైద్యంలో ఉంది.

నిదానం అన్నాను కదా, ఒక్కోసారి అసలు వెతకకపోవడం కూడా నిదానమే. దక్షిణ కొరియాలో 1999 నుంచి స్క్రీనింగ్, అంటే ఏ బాధా లేనివాళ్లకు కూడా పరీక్షలు చేయడం, పెరిగింది, డబ్బు కట్టి మెడకు కూడా అల్ట్రాసౌండ్ చేయించుకోవడం అలవాటయింది. 2011కల్లా థైరాయిడ్ క్యాన్సర్లు 1993తో పోలిస్తే పదిహేను రెట్లయ్యాయి. ఆ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్ల సంఖ్య మాత్రం ఉన్నచోటే ఉంది. ఎప్పటికీ హాని చేయని చిన్న చిన్న గడ్డలకు వేలమంది గొంతులు కోయించుకుని జీవితాంతం మాత్రలు మింగుతున్నారు. దీన్ని పట్టుకుని పరీక్షలన్నీ దండగ అనకండి. మహారాష్ట్రలో ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్) జిల్లా పల్లెల్లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ కోసం ఒకే ఒక్కసారి పరీక్ష చేసి చికిత్స చేస్తే ఆ క్యాన్సర్ చావులు సగానికి సగం తగ్గాయని 2009లో తేలింది. అమ్మలూ, ఆ పరీక్ష చేయించుకోండి. సిగ్గుపడే వయసు దాటిపోయాం.

రెండు జబ్బులూ ఒకే మనిషిలో కలిసే చోటు ఒకటుంది. రొమ్ము క్యాన్సర్ నయమై ఎనిమిదేళ్లయిన ఆవిడ ఆయాసంతో వస్తుంది. "పాత జబ్బు గురించి అడగలేదుగా, అందుకే చెప్పలేదు" అంటుంది. అప్పట్లో ఎర్రమందు ఎక్కించారు, డాక్సోరూబిసిన్. అది మోతాదు పెరిగేకొద్దీ గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది, ఏళ్ల తర్వాత కూడా బయటపడుతుంది. రొమ్ము క్యాన్సర్‌కే ఇచ్చే ట్రాస్టుజుమాబ్ అనే మందు వాడినా మధ్యమధ్యలో ఎకో, అంటే గుండె స్కానింగ్, చేయాలి. అందుకే పాత డిశ్చార్జి కాగితాలు పారేయకండి.

ప్రశ్నలు ఉంటే అడగండి. అదిగో, ఆ పెద్దాయన చెప్పండి.

(సూది గుచ్చినా, కత్తి పెట్టినా క్యాన్సర్ పాకుతుందంటారు, నిజమేనా అని ఒక శ్రోత అడిగారు.)

మంచి ప్రశ్న బాబాయ్. ఈ భయంతోనే చాలామంది ఆర్నెల్లు నాటుమందు తిని వస్తారు. అప్పటికి పాకి ఉంటుంది, నింద సూదికి పడుతుంది. సూది దారిలో కణాలు నాటుకోవడం ఉంది, కానీ చాలా అరుదు. అరుదైనా కొన్ని చోట్ల మేమే సూది పెట్టం. వృషణంలో గడ్డ అనుమానం ఉంటే బయటి నుంచి గుచ్చం, గజ్జ దగ్గర కోసి మొత్తం తీసి పరీక్షకు పంపుతాం. అండాశయం దాటి పాకని గడ్డనీ పగలగొట్టకుండా తీస్తాం. లివర్ గట్టిపడిన మనిషికి లివర్‌లో గడ్డ వస్తే, సీటీ స్కాన్‌లో తీరు స్పష్టంగా ఉంటే ముక్క లేకుండానే క్యాన్సరని చెప్పొచ్చు. ముక్క లేనిదే మందు లేదన్నానే, దానికి ఇది మినహాయింపు. మిగతా చోట్ల చేయించుకోండి.

చేయించుకున్నాక రెండో అభిప్రాయం కావాలంటే రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్లకండి. మైనంలో పెట్టిన ఆ ముక్కని బ్లాకంటారు, బ్లాకూ స్లైడ్లూ అడిగి తీసుకోండి. కొత్తచోట వాళ్లు మళ్లీ కోసి చూసుకుంటారు, సూది రెండోసారి పడదు. ఎండాకాలం దాన్ని కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం వదిలేయకండి, మైనం మెత్తబడిపోతుంది.